క్లినిక్ మూతపడితే నష్టం ఎవరిది? అమెరికా రిజర్వ్ డెంటిస్టుల పాత పేచీ

2025 ఏప్రిల్‌లో ఫెలిసియానో అనే రిజర్వు సభ్యుడి (మామూలు రోజుల్లో సొంత పని చేసుకుంటూ, పిలిస్తే సైనిక విధులకు వెళ్లేవాడు) కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పాత పేచీని మళ్లీ తట్టిలేపింది. జాతీయ అత్యవసర పరిస్థితి నడుస్తున్న కాలంలో సైనిక విధులకు పిలిచిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, ఉద్యోగ జీతానికీ, తక్కువగా వచ్చే సైనిక జీతానికీ మధ్య తేడా కట్టివ్వాల్సిందేనని 5-4 మెజారిటీతో కోర్టు చెప్పింది. మరి సొంత క్లినిక్ వదిలి వెళ్లే డెంటిస్టుకు ఆ తేడా ఎవరు కట్టిస్తారు?

1911లో అమెరికా సైన్యపు డెంటిస్టుల విభాగమైన ఆర్మీ డెంటల్ కోర్ ఎలా పుట్టిందో, ప్రపంచయుద్ధాల్లో డెంటిస్టులు ఏం చేశారో చాలామంది రాశారు. ఈ పేచీకి మూలం మాత్రం 1990 నుంచి 1997 దాకా నడిచిన ఏడేళ్లలో ఉంది.

1973లో నిర్బంధ సైనిక సేవ ఆగాక, యుద్ధం వస్తే కావాల్సిన డాక్టర్లు, డెంటిస్టుల కోసం సైన్యం ఎక్కువగా రిజర్వుల మీదే ఆధారపడింది. నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు శిక్షణ. ఆ లెక్క చూసుకునే చాలామంది చేరారు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. ఆ యుద్ధానికి రిజర్వులకు మొదట వచ్చిన పిలుపు 90 రోజులకు, కావాలంటే మరో 90. 1991 జనవరికల్లా అది రెండేళ్ల వరకు ఉంచుకోగల అధికారంగా మారింది.

జీతానికి పనిచేసే డెంటిస్టుకు ఇది కష్టం. సొంత క్లినిక్ ఉన్నవాళ్లకు అంతకు మించిన దెబ్బ. డెంటిస్టు చేయి ఆడితేనే ఆదాయం. కుర్చీ ఖాళీగా ఉన్నా అద్దె, ఎక్స్‌రే మెషీన్ మీద అప్పు, అసిస్టెంట్ల జీతాలు ఆగవు. సగంలో ఉన్న రూట్ కెనాల్ పేషెంట్ ఆరు నెలలు ఎదురుచూడలేడు. పక్క క్లినిక్‌కు వెళ్తాడు, అక్కడే ఉండిపోతాడు.

అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఊరుకోలేదు. విధుల్లో ఉన్నంతకాలం వైద్యుల ప్రొఫెషనల్ ఇన్సూరెన్స్‌ను (చికిత్సలో పొరపాటు జరిగిందని వచ్చే దావాలకు చేసుకునే బీమా) ఆపి, తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెట్టించే రక్షణను 1991లో తెచ్చింది. 1994లో యుసెర్రా చట్టంతో, తిరిగొచ్చినవాళ్ల ఉద్యోగం వాళ్లకే ఇవ్వాలంది. కానీ ఆ బాధ్యత యజమానిది. తనకు తానే యజమాని అయినవాడు ఎవరిని అడగాలి?

ఆ ఖాళీ పూడ్చడానికే 1996లో రిజర్వు సభ్యులకు ఆదాయ బీమా మొదలుపెట్టారు. ప్రీమియం సభ్యుడే కట్టాలి, పిలుపు వస్తే నెలకు 500 నుంచి 5,000 డాలర్ల దాకా అందాలి. చేరడం ఐచ్ఛికం. పిలుపు తప్పదనుకున్నవాళ్లు చేరారు, మిగతావాళ్లు పక్కకు తప్పుకున్నారు. బోస్నియా విధులకు వెళ్లినవాళ్లు క్లెయిమ్ చేసేసరికి నిధి చాలలేదు. మొదట్లో డాలరుకు 4 సెంట్లే చేతికొచ్చాయి. కాంగ్రెస్ సొమ్ము వేసి ఆదుకుని, 1997లో పథకాన్నే మూసేసింది. డబ్బు కట్టి నమ్మినవాళ్లకు జరిగింది ఇది.

అందరూ చేరని బీమా నిలబడదన్నది రక్షణ శాఖ వైపు వాదన. అది నిజమే. అయితే మెరుగైన పథకం తెచ్చే ప్రయత్నం కూడా ముందుకు సాగలేదు. దాని బదులు వచ్చింది రొటేషన్: రిజర్వ్ వైద్యులు, డెంటిస్టులు, మత్తు ఇచ్చే నర్సులను యుద్ధరంగంలో 90 రోజులే ఉంచాలన్న ఆర్మీ విధానం. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో చాలా క్లినిక్‌లకు ఊపిరి పోసింది ఇదే. చేర్పించేవాళ్లు ఇప్పుడు మొదట చెప్పేదీ ఈ 90 రోజుల మాటే. వెళ్లేముందు తయారీ, ప్రయాణం, తిరిగొచ్చాక విడుదల పనులు అందులోకి రావు. పైగా ఇది చట్టం కాదు, విధానం మాత్రమే.

2003 నాటి మరో చట్టం సర్వీసుకు ముందు తీసుకున్న అప్పుల మీద వడ్డీని 6 శాతానికి పరిమితం చేస్తుంది. అప్పు క్లినిక్ కంపెనీ పేరు మీద ఉంటే అది వర్తిస్తుందన్న ధీమా లేదు.

సైన్యానికి డెంటిస్టులు అక్కర్లేదని ఎవరూ అనరు. ఏడాదిలోపు పంటి ఎమర్జెన్సీ వచ్చేలా ఉన్న సైనికుణ్ణి మూడో తరగతిలో పెడతారు, చికిత్స అయ్యేదాకా సాధారణంగా అతన్ని యుద్ధరంగానికి పంపరు. అతన్ని సిద్ధం చేసేది ఈ డెంటిస్టులే. అలాంటి డెంటిస్టులు చేరేటప్పుడు వాళ్ల దగ్గర తీసుకునే మాట ఎనిమిదేళ్ల సేవకు. సంతకం పెట్టేనాటికి వేరొకరి దగ్గర జీతానికి చేస్తున్న డెంటిస్టు, నాలుగో ఏట అప్పు చేసి సొంత క్లినిక్ తెరవొచ్చు. అప్పటికి ఇంకా నాలుగేళ్లు మిగిలే ఉంటాయి.