యుద్ధ నేరాలు: ‘పైనుంచి ఆదేశం వచ్చింది’ అంటే సరిపోతుందా?

సైనికులకు యుద్ధ చట్టాలు బోధించడం నా వృత్తి. "యుద్ధమన్నాక ఇలాంటివి జరగకుండా ఉంటాయా?" అని ఎవరైనా అన్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఆ మాట చనిపోయినవారికే కాదు, చంపడానికి నిరాకరించిన సైనికులకూ అన్యాయం చేస్తుంది.

అపోహ: సైనికుడు ఆదేశం పాటించాడంతే, పాపం పైవాడిది.

వాస్తవం: ఈ వాదన నూరేళ్ల కిందటే వీగిపోయింది. 1918లో ఒక జర్మన్ జలాంతర్గామి లాండోవరీ కాజిల్ అనే ఆస్పత్రి నౌకను ముంచి, ప్రాణాలతో బయటపడి పడవల్లో ఉన్నవారిపైనా కాల్పులు జరిపింది. ఆదేశమిచ్చిన కెప్టెన్ విచారణకు చిక్కలేదు. అయినా 1921లో లైప్‌జిగ్‌లోని జర్మన్ కోర్టే ఇద్దరు కింది అధికారులకు నాలుగేళ్ల చొప్పున శిక్ష వేసింది. అలాంటి ఆదేశం చట్టవిరుద్ధమని ఎవరికైనా తెలిసిపోతుందని ఆ కోర్టు చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నేతల విచారణకు రాసుకున్న న్యూరెంబర్గ్ చార్టర్ కూడా, ఆదేశం ఉందన్న కారణంతో శిక్ష తగ్గించవచ్చు గానీ నేరం మాఫీ కాదని చెప్పింది.

అపోహ: కింది సైనికుడిని శిక్షిస్తే పై అధికారి తప్పించుకున్నట్టే.

వాస్తవం: ఒకరి మెడకు చుట్టుకున్నంత మాత్రాన మరొకరి మెడనుంచి జారిపోయేది కాదు బాధ్యత. తన అదుపులోని బలగాలు నేరం చేస్తున్నాయని తెలిసినా, తెలుసుకుని ఉండాల్సినా, ఆపడానికో శిక్షించడానికో చేతనైనది చేయని కమాండర్ కూడా, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పరచిన ఒప్పందమైన రోమ్ శాసనం 28వ అధికరణం ప్రకారం బాధ్యుడే. అలాగని హోదా ఒక్కటే దోషిని చేయదు. తన బలగాల నేరాలకు కాంగో నేత జాన్ పియెర్ బెంబాకు 2016లో ఆ కోర్టులో పడిన శిక్షను 2018లో అప్పీలు ధర్మాసనం కొట్టేసింది.

అపోహ: అవతలివాళ్లూ అదే చేశారు కదా.

వాస్తవం: కోర్టులో ఇది చెల్లదు.

అపోహ: ఆ ఆవేశంలో ఎవరైనా అంతే చేస్తారు.

వాస్తవం: 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్‌లో అమెరికా సైనికులు గ్రామస్థులను చంపుతుంటే, హెలికాప్టర్ పైలట్ హ్యూ థాంప్సన్ తన సైనికులకూ గ్రామస్థులకూ మధ్య దిగాడు. మనవాళ్లు ఈ జనంపై కాల్పులు జరిపితే వాళ్లపైనే కాల్చండని తన సిబ్బందికి చెప్పాడు. ఆ తర్వాత సిబ్బందిలోని గ్లెన్ ఆండ్రియోటా శవాలతో నిండిన కాలువలోకి దిగి, బతికున్న ఒక బిడ్డను బయటికి తీశాడు. అదే ఊరు, అదే ఉదయం, అదే సైన్యం. ఈ ఊచకోతకు దోషిగా తేలింది లెఫ్టినెంట్ విలియం క్యాలీ ఒక్కడే. యావజ్జీవ శిక్ష పడింది గానీ, దాదాపు మూడున్నరేళ్లకే బయటికి వచ్చాడు, ఆ కాలంలో ఎక్కువ భాగం గృహనిర్బంధమే. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అపోహ: కాదంటే తననే చంపేస్తారు కాబట్టి సైనికుడికి వేరే దారి లేదు.

వాస్తవం: దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. 1995 జులై 16న బోస్నియాలోని బ్రాన్యేవో పొలంలో, స్రెబ్రెనిత్సా పట్టణం నుంచి తెచ్చిన ముస్లిం బందీలను కాల్చనంటే నువ్వూ వాళ్ల వరుసలో నిలబడు అన్నారని బోస్నియా సెర్బు సైన్యంలోని సైనికుడు ద్రాజెన్ ఎర్దెమోవిచ్ కోర్టుకు చెప్పాడు. ప్రాణభయం అమాయకుల హత్యకు పూర్తి రక్షణ కాదని, అక్కడి యుద్ధ నేరాలను విచారించిన యుగోస్లావియా ట్రైబ్యునల్ అప్పీలు ధర్మాసనం 1997లో 3-2 తేడాతో తేల్చింది. మరుసటి ఏడాది అతనికి ఐదేళ్ల శిక్ష పడింది. విభేదించిన ఇద్దరు న్యాయమూర్తుల వైపే నా మనసు మొగ్గుతుంది. కానీ అతని సాక్ష్యంలో ఇంకొక సంగతి ఉంది. అదే రోజు పిలిత్సాలోని సాంస్కృతిక భవనంలో మరికొన్ని వందలమందిని చంపాలని చెప్పినప్పుడు, ఇక చంపనని అతను నిరాకరించాడు. మరికొందరు సైనికులు అతనితో నిలబడ్డారు. వాళ్లను ఎవరూ కాల్చలేదు.