ఎండకు బిల్లు లేదు, అప్పుకు ఉంది

పిల్లలూ,

"ఎండ ఊరికే వస్తుంది కదా తాతయ్యా, మరి సోలార్ కరెంటుకు రేటు ఎందుకు" అని చిన్నోడు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నా. మంచి ప్రశ్నే, మా బ్యాంకులో కొత్తగా చేరిన ఆఫీసర్లకు కూడా ఈ అనుమానం వచ్చేది. ఫోన్లో తేలే విషయం కాదని టైప్ చేస్తున్నా, పొడుగైందని విసుక్కోకండి, అక్క చదివి చెప్తే చిన్నోడు వింటాడు.

బొగ్గు కరెంటులో ఖర్చంటే పెద్ద వాటా రోజూ కాల్చే బొగ్గుదే, కరెంటు అమ్ముకుంటూ ఆ డబ్బుతోనే మళ్ళీ బొగ్గు కొనుక్కుంటూ పోవచ్చు. సోలార్‌లో అలా కుదరదు. ప్లేట్లు, స్టాండ్లు, ఇన్వర్టర్లు, కేబుళ్ళు, సబ్‌స్టేషన్ అన్నీ ముందే కొనాలి, ఆ తర్వాత పాతికేళ్ళు ప్లేట్లు కడగడం, కాపలా, అడపాదడపా రిపేర్లు, అంతే. పాతికేళ్ళు తినే బియ్యం ఒకేరోజు లారీల్లో దింపించుకున్నట్టన్నమాట. అంత డబ్బు చేతిలో పెట్టుకుని ఎవరూ కూర్చోరు కదా, అప్పు చేయాల్సిందే.

ఇప్పుడు పెన్ను తీసుకోండి. ఒక మెగావాట్ ప్లాంటుకు 4 కోట్లు అయిందనుకుందాం, ఏడాదికి 20 లక్షల యూనిట్లు వస్తాయనుకుందాం, మొత్తం డబ్బూ అప్పే, 20 ఏళ్ళలో సమాన వాయిదాల్లో తీర్చాలి. వడ్డీ 6 శాతమైతే ఏడాదికి సుమారు 35 లక్షలు కట్టాలి, యూనిట్‌కు 1 రూపాయి 74 పైసలు పడుతుంది. అదే వడ్డీ 12 శాతమైతే ఏడాదికి 53 లక్షల పైన, యూనిట్‌కు 2 రూపాయల 68 పైసలు. అదే ఎండ, అవే ప్లేట్లు, అదే నేల, 94 పైసలు తేడా! రెండో లెక్కలో 4 కోట్ల సరుకుకు మొత్తం 10 కోట్ల 70 లక్షలు కడతాం. అందుకే నేనెప్పుడూ అంటుంటా, సోలార్ కరెంటు రేటు చూడాలంటే ఆకాశం వైపు కాదు, వడ్డీ రేటు వైపు చూడాలి అని. మీ అమ్మమ్మకు ఈ మాట విని విని బోరు కొట్టేసింది.

మరి వడ్డీ ఎవరికి తక్కువ, ఎవరికి ఎక్కువ? ఇక్కడే అసలు కథంతా ఉంది. నిజానికి మొత్తం అప్పు ఎవరూ ఇవ్వరు, నూటికి ఓ 70, 75 బ్యాంకు ఇస్తే మిగతాది కంపెనీ సొంతంగా పెట్టాలి. ప్రాజెక్టు లోన్ ఫైల్ టేబుల్ మీదకి రాగానే మేం ముందు చూసేది ప్లేట్లు ఏ కంపెనీవి అని కాదు, పీపీఏ (కరెంటు కొనుగోలు ఒప్పందం) ఎవరితో ఉందని, అంటే కరెంటు కొంటామని సంతకం పెట్టింది ఎవరు, ఎన్నేళ్ళకు, యూనిట్ ఎంతకు, నెల తిరిగేసరికి డబ్బు కట్టే అలవాటు వాళ్ళకు ఉందా అని. తర్వాతే ఎండ లెక్క. అది కూడా సగటు ఏడాదిది కాదు, పదింట తొమ్మిది వంతులు నమ్మకంగా ఇన్ని యూనిట్లకు తగ్గవు అనే అంకె పట్టుకుని, వాయిదా 100 రూపాయలైతే ఆదాయం కనీసం 120 వస్తుందా అని చూసేవాళ్ళం. దుమ్ము పడితే ఎంత పోతుంది, కడగడానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారు, ఇవి కూడా అడిగేవాళ్ళం, రాయలసీమలో ఇది చిన్న ప్రశ్న కాదు.

మన కర్నూలు సోలార్ పార్కు సంగతే చూడండి, గని, శకునాల ఊళ్ళ దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో 1000 మెగావాట్లు. 2015 నవంబరులో అక్కడ 500 మెగావాట్లకు కేంద్ర ప్రభుత్వ కరెంటు కంపెనీ ఎన్టీపీసీ వేలం పెట్టింది. ఇది తిరగేసిన వేలం, తక్కువకు పాడినవాడిదే పాట. అమెరికా కంపెనీ సన్‌ఎడిసన్ 4 రూపాయల 63 పైసలకు పాడి మొత్తం ఎత్తుకుపోయింది. 2010 చివర్లో దేశంలో మొదటి వేలాలప్పుడు యూనిట్ 11, 12 రూపాయలు ఉండేది కాబట్టి ఆ రేటు చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆర్నెల్లు తిరక్కుండానే, 2016 ఏప్రిల్లో, ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. ఎండ తగ్గిందా? లేదు. ప్లేట్లు పాడయ్యాయా? అదీ లేదు. ప్రపంచమంతా తిరిగి కనపడిన కంపెనీనల్లా అప్పు చేసి కొనేసింది, కొత్త అప్పు పుట్టడం ఆగగానే కూలిపోయింది. దాని ఇండియా ఆస్తుల్ని హైదరాబాద్ కంపెనీ గ్రీన్‌కో కొనుక్కుంది, వాళ్ళ వెనక సింగపూర్ ప్రభుత్వ ఫండ్ జీఐసీ, అబుదాబి ప్రభుత్వ ఫండ్ ఉన్నాయి, ఇలాంటి ఫండ్లు దీర్ఘకాలం చూసుకుని డబ్బు పెడతాయి. 2017లో పార్కు పూర్తయింది. ఓనరు మారాడు, కరెంటు మాత్రం వచ్చింది.

దీనికి ఉల్టా కథ మధ్యప్రదేశ్ రేవాది. 2017 ఫిబ్రవరిలో 750 మెగావాట్లకు వేలం పెడితే మొదటి ఏడాది రేటు 2 రూపాయల 97 పైసలకు దిగింది. రేవాలో ఎండేమీ ప్రత్యేకం కాదు, ప్లేట్ల ధరలు అందరికీ తగ్గాయి, అది వేరే మాట. కానీ కరెంటు కొన్నవాళ్ళ డబ్బు ఆలస్యమైతే ముందు ఫలానా ఫండ్ నుంచి ఇస్తాం, అదీ అయిపోతే రాష్ట్ర ప్రభుత్వమే పూచీ అని కాగితం మీద రాసిచ్చారు, కొనేవాళ్ళలో ఢిల్లీ మెట్రో కూడా ఉంది. మూడు నెలలకే, మేలో, రాజస్థాన్ భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు పాట పడింది.

మన దగ్గర 2019లో ఏం జరిగిందో కూడా చెప్పాలి, మనదే కదా అని దాచకూడదు. పాత ఒప్పందాల రేట్లు మరీ ఎక్కువ, గాలిమరల కరెంటుకు 4 రూపాయల 84 పైసలు ఏంటి అని ఏపీ ప్రభుత్వం జులైలో రేట్లు తగ్గించమని మాట్లాడటానికి ఒక కమిటీ వేసింది. ప్రభుత్వం బాధలో న్యాయం లేకపోలేదు, డిస్కమ్‌లు, అంటే ఇళ్ళకు కరెంటు పంచే కంపెనీలు, నష్టాల్లో ఉన్నాయి, పక్కన కొత్త కరెంటు చవగ్గా దొరుకుతోంది. కానీ అప్పిచ్చినవాళ్ళు 4.84 చూసే అప్పిచ్చారు, అప్పట్లో ప్లేట్లు, మరలు కొన్నది కూడా ఆ రోజు ధరకే. కంపెనీలు హైకోర్టుకెళ్ళాయి, జపాన్ రాయబారి కూడా లేఖ రాశారు. విషయం తేలేదాకా గాలికి 2.43, సోలార్‌కు 2.44 కట్టమని కోర్టు చెప్పింది, 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఒప్పందంలో ఉన్న రేటే కట్టాలని తీర్పిచ్చింది. ఈ మధ్యలో రెండున్నరేళ్ళకు పైగా వాయిదాలు ఎలా కట్టారో ఆ కంపెనీల అకౌంట్స్ వాళ్ళకే తెలియాలి. ఇలాంటిది ఒకసారి జరిగితే ఆ తర్వాత వచ్చే ప్రతి ఫైల్లోనూ, సంబంధం లేని కంపెనీదైనా సరే, ఆ రాష్ట్రం పేరు కనపడగానే బ్యాంకువాడు వడ్డీ ఓ పావు శాతమో అర శాతమో పెంచి రాస్తాడు, నా అభిప్రాయంలో అసలు నష్టం అక్కడుంది, కోర్టు ఖర్చుల్లో కాదు. అదే 2022 జూన్‌లో కేంద్రం రూల్ తెచ్చింది, డిస్కమ్‌లు కరెంటు తయారీ కంపెనీలకున్న పాత బకాయిలు 48 నెలల దాకా వాయిదాల్లో తీర్చుకోవచ్చు, తీర్చకపోతే బయట కరెంటు కొనుక్కునే దారి మూస్తాం అని. అది బాగా పనిచేసింది.

అక్క స్టార్టప్ అంటోంది కాబట్టి ఒక్క ముక్క. కొత్త టెక్నాలజీకి బ్యాంకు అప్పు ఇవ్వదు, అక్కడ వెంచర్ క్యాపిటల్ కావాలి, అంటే పోయినా పోనీ అని కొత్త కంపెనీల్లో వాటా కొనేవాళ్ళ డబ్బు. అమెరికాలో 2006 నుంచి 2011 దాకా ఆ పెట్టుబడిదారులు క్లీన్‌టెక్‌లో, అంటే సోలార్ లాంటి కాలుష్యం లేని టెక్నాలజీల్లో, 25 బిలియన్ డాలర్లకు పైగా పోసి సగానికి పైగా పోగొట్టుకున్నారు. ఫోన్ యాప్ అయితే ఏడాదిలో తేలిపోతుంది, ఫ్యాక్టరీ కట్టాల్సిన వ్యాపారం పదేళ్ళయినా తేలదు, అంత ఓపిక వాళ్ళకు ఉండదు. సోలిండ్రా అనే సోలార్ కంపెనీ తీసుకున్న 53 కోట్ల 50 లక్షల డాలర్ల అప్పుకు అమెరికా ప్రభుత్వం పూచీ ఉంది, ఆ కంపెనీ 2011లో మునిగింది, అందరూ ప్రభుత్వాన్ని తిట్టారు. అదే ప్రభుత్వపు ఇంధన శాఖ కరెంటు కార్ల కంపెనీ టెస్లాకు 46 కోట్ల 50 లక్షల డాలర్ల అప్పిస్తే 2013లోనే, గడువు కంటే చాలా ముందు, తీర్చేశారు. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు, ఎందుకో మరి.

ఇక పేపర్లో లక్ష కోట్ల గ్రీన్ పెట్టుబడి, ఎంఓయూ కుదిరింది అని హెడ్డింగ్ కనిపిస్తే వెంటనే గంతులేయకండి. ఎంఓయూ అంటే కట్టుబడి ఉండక్కర్లేని ఒప్పంద కాగితం, ఒక ఫోటో, శాలువా. ఫైనాన్షియల్ క్లోజర్ అయిందా, అంటే అప్పు ఇచ్చేవాళ్ళందరూ సంతకాలు పెట్టారా, కరెంటు కొనేదెవరు, ఈ రెండూ లోపలి పేజీల్లో వెతకండి, చాలాసార్లు దొరకవు.

మీ నాన్న మేడ మీద సోలార్ పెట్టించాలా అని అడుగుతున్నాడు కదా. పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ వస్తుంది, మిగతాదానికి బ్యాంకులు తాకట్టు లేకుండానే అప్పిస్తున్నాయి. 3 కిలోవాట్లంటే నెలకు 300 యూనిట్ల పైన వస్తాయి, మీకు అంత వాడకం ఉందో లేదో నాకు తెలీదు, ఏసీ వేసేది రెండు మూడు నెలలేగా. గత 12 నెలల కరెంటు బిల్లులు ఫోటో తీసి వాట్సాప్ చేయమనండి, మేడ మీద సాయంత్రం నీడ ఎటు పడుతుందో అది కూడా ఒక ఫోటో తీయండి, వాటర్ ట్యాంకు పక్కన కొబ్బరిచెట్టు ఉన్నట్టు గుర్తు. లెక్క వేసి ఆదివారం ఫోన్ చేస్తా.

మీ తాతయ్య