ఆఫీసు స్క్రీన్ నల్లబడితే టీవీ పోయినట్టేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఆఫీసుల్లో డిజిటల్ స్క్రీన్లు బిగించడం, మొరాయిస్తే బాగుచేయడం నా పని. రిసెప్షన్‌లో స్వాగతం చెప్పే స్క్రీన్ ఒక పూట ఆగినా పెద్ద నష్టం లేదు. రాత్రి షిఫ్టు దిగేవాళ్లకు ఏ క్యాబ్ ఏ గేటు దగ్గరుందో చూపే స్క్రీన్ అలా కాదు. అది ఆగితే అర్ధరాత్రి బేస్‌మెంట్‌లో అమ్మాయిలు ఒక్కొక్క బండి నంబరూ చూసుకుంటూ తిరగాలి. ఆ టెన్షన్ నేను దగ్గరుండి చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: స్క్రీన్ నల్లబడిందంటే టీవీ పోయింది.

వాస్తవం: నేను వెళ్లిన చోట్ల టీవీ నిజంగా పోయినవి తక్కువ. చెయ్యి పెట్టే ముందు తెర ఎదురుగా నిలబడి ఏం కనిపిస్తోందో చూడండి. 'నో సిగ్నల్' అని ఉంటే టీవీ బాగానే ఉంది, దానికి బొమ్మ అందడం లేదు. కేబుల్, ప్లేయర్ బాక్స్ (టీవీకి బొమ్మ పంపే చిన్న పెట్టె), టీవీలో ఏ ఇన్‌పుట్ పెట్టి ఉందో చూడాలి. ఆండ్రాయిడ్ హోమ్ స్క్రీన్ కనిపిస్తే బాక్స్ బాగుంది, యాప్ మూసుకుపోయింది. పోయిన వారం పోస్టరే తిరుగుతుంటే కొత్తది బాక్స్ దాకా రాలేదు, కాబట్టి ముందు నెట్‌వర్క్ చూడండి. తెర మొత్తం చీకటిగా ఉంటే సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా వేయండి. లీలగా బొమ్మ కదులుతుంటే బ్యాక్‌లైట్ పోయినట్టు. మెకానిక్‌ని పిలవాల్సింది అప్పుడు.

అపోహ: టీవీ వెనక యూఎస్‌బీ పోర్టు ఉండగా, బాక్స్ బదులు టీవీకి గుచ్చే చిన్న ప్లేయర్ స్టిక్‌కు వేరే అడాప్టర్ దండగ.

వాస్తవం: యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి ప్రమాణం ప్రకారం వచ్చేది 0.5 ఆంపియర్లే. చాలా స్టిక్‌లకు 1 ఆంపియర్ లేదా అంతకంటే ఎక్కువ కావాలి. మాదాపూర్‌లో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో మెనూ చక్కగా కనిపించేది, మధ్యలో వీడియో రాగానే లోగో పడి మళ్లీ మొదటికొచ్చేది. యాప్ రెండుసార్లు మార్చారు. నేను 5 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టి విడిగా ప్లగ్గుకు కలిపాను, అంతే, మళ్లీ ఆ ఫోను రాలేదు. బొమ్మలు చూపించేటప్పుడు సరిపోయిన కరెంటు వీడియోకు సరిపోలేదు. ఇంకో నష్టం కూడా ఉంది. రాత్రి టీవీ ఆపగానే చాలా మోడళ్లలో ఆ పోర్టుకూ కరెంటు ఆగిపోతుంది. రోజూ అలా ఉన్నట్టుండి ఆగితే స్టిక్‌లోని ఫైళ్లు పాడవొచ్చు.

అపోహ: కరెంటు వస్తే అన్నీ వాటంతటవే లేస్తాయి.

వాస్తవం: ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వచ్చిందంటే నాకు వరుసగా ఫోన్లు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు టీవీ, బాక్స్ రెండూ ఆగుతాయి. కరెంటు రాగానే కొన్ని టీవీలు స్టాండ్‌బైలోనే ఉండిపోతాయి. మెనూలో పవర్ ఆన్ సెట్టింగ్ మారిస్తే ఆ బాధ తీరుతుంది. రెండో సమస్య కంటికి కనబడదు. తాను ఎంత రిజల్యూషన్ చూపగలదో టీవీ హెచ్‌డీఎంఐ తీగ ద్వారా బాక్స్‌కు చెబుతుంది, దాన్నే ఈడీఐడీ అంటారు. బాక్స్ ముందు లేచి, టీవీ ఇంకా లేవకపోతే ఆ సమాచారం అందదు. కొన్ని బాక్సులు అప్పుడు బొమ్మే పంపవు, కొన్ని తక్కువ రిజల్యూషన్‌తో పంపుతాయి. మధ్యలో ఈడీఐడీ ఎమ్యులేటర్ అనే చిన్న ముక్క పెట్టినా, బాక్స్‌ను చిన్న యూపీఎస్ మీద ఉంచినా సరిపోతుంది.

అపోహ: ఆపి మళ్లీ వేస్తే పనైపోయినట్టే.

వాస్తవం: రోజుల తరబడి ఒకే వెబ్‌పేజీ నడిచే ప్లేయర్ మెమరీ నిండి నెమ్మదించవచ్చు. తెల్లవారుజామున సాఫ్ట్‌వేర్ ద్వారా రీస్టార్ట్ పెట్టుకోవడం మంచిదే. ప్లగ్గు పీకడం వేరు, దయచేసి ఆ అలవాటు మానండి. ఆగిన ప్రతిసారీ టైమ్ రాసిపెట్టండి. సరిగ్గా 4 గంటలకోసారి ఆగుతుంటే రిమోట్ నొక్కకపోతే తానే ఆగిపోయే సెట్టింగ్ అయి ఉండొచ్చు. ఇళ్లకోసం చేసిన చాలా టీవీల్లో అది ఉంటుంది.

అపోహ: వైఫై గీతలన్నీ నిండుగా ఉన్నాయి, కాబట్టి నెట్‌వర్క్ తప్పు కాదు.

వాస్తవం: గెస్ట్ వైఫై అయితే కొంతసేపటికి మళ్లీ లాగిన్ పేజీ అడుగుతుంది. గోడ మీది స్క్రీన్‌కు ఆ బటన్ నొక్కేదెవరు? వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మూడే. పక్క ఆఫీసుల వైఫైలన్నీ వాటిలోనే ఇరుక్కుంటాయి. వీలైతే ల్యాన్ కేబుల్ వేయించండి, 100 మీటర్ల వరకు ఇబ్బంది ఉండదు. బాక్స్‌లో తేదీ తప్పుగా ఉందేమో కూడా చూడండి. తేదీ తేడా ఉంటే వెబ్‌సైటు అసలైనదని చెప్పే సర్టిఫికెట్ చెల్లదని పేజీ తెరుచుకోదు.

అపోహ: స్క్రీన్లన్నిటినీ ఒకచోట చూపే డ్యాష్‌బోర్డ్‌లో పచ్చ చుక్క ఉంటే స్క్రీన్ నడుస్తున్నట్టే.

వాస్తవం: మామూలుగా ఆ చుక్క ప్లేయర్‌ది, టీవీది కాదు. షిఫ్టు మొదట్లో సెక్యూరిటీ గార్డుతో తెర ఫొటో ఒకటి తీయించి గ్రూపులో పెట్టించండి.

అపోహ: తెలుగు అక్షరాలు డబ్బాలుగా వస్తే ఆ బాక్స్‌కు తెలుగు రాదు.

వాస్తవం: చాలాసార్లు ఫాంట్ లేకపోవడమే కారణం. నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతుంది, అది వేస్తే సరి. డబ్బాలు కాకుండా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తే, ఆ మేటర్‌ను డీటీపీ వాళ్లు పాత ఫాంట్లలో కొట్టి ఉంటారు. ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదివే యూనికోడ్‌లోకి మార్చి పంపమనండి. ఉగాది శుభాకాంక్షలైతే ముందు రోజే తెర మీద వేసి చూసుకోండి.