పళ్ళున్న రాయి, గరిటెడు తోడు

చిన్నీ, బాబీ,

మీరు అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని గోస్సెల్ మ్యూజియం దగ్గర దిగి పంపిన ఫోటో చూశాను. "తాతా, ఈ రాయికి పళ్ళెందుకు?" అన్నారు కదా. అది గోధుమలు నూర్చే రాయి రా. కళ్ళంలో పరిచిన పంట మీద గుర్రాలతో దొర్లిస్తే గింజలు రాలేవి. నా చిన్నప్పుడు మన నల్లగొండ పక్కన ఎడ్లకి బంతి కట్టి వరి తొక్కించేవాళ్ళు, నేను కర్ర పట్టుకుని వాటి వెనకాలే తిరిగి తిరిగి గడ్డిలోనే పడి నిద్రపోతే మా నాయిన భుజమ్మీద వేసుకుని ఇంటికి తెచ్చేవాడు, ఆ గడ్డి వాసన ఇప్పటికీ గుర్తే. సరే, రాయి సంగతి.

అది మెన్నోనైట్లు అనే క్రైస్తవుల రాయి. ఆయుధం పట్టకూడదని వాళ్ళ నమ్మకం. వాళ్ళు ముందు ఉన్నది నెదర్లాండ్స్‌లో, తర్వాత ఇప్పటి పోలండ్‌లోని విస్తులా నది ఒడ్డున, తర్వాత అప్పటి రష్యాలో, అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న మొలొచ్నా అనే చోట. 1870ల్లో రష్యా జార్ మీరూ సైన్యంలోకి రావాల్సిందే అనేసరికి 1874లో మొలొచ్నాలోని అలెగ్జాండర్‌వోల్ అనే ఊరు ఊరంతా దాదాపు కదిలి, రెండు ఓడల్లో అమెరికా చేరింది. దారిలో తినడానికి స్వీబాక్ అనే బన్నుల్ని ఎండబెట్టి రస్కుల్లా తెచ్చుకున్నారు. టర్కీ రెడ్ అనే గోధుమ విత్తనం కూడా. పిల్లలే ఒక్కొక్క మంచి గింజా ఏరారని అక్కడ చెప్పుకుంటారు.

మీ అమ్మ పెరుగుకి తోడు వేస్తుంది చూడండి, గరిటెడే, కానీ గిన్నెడు కొత్త పాలూ పెరుగైపోతాయి. వాళ్ళ పాటలు, ప్లాట్‌డైచ్ అనే ఒక రకం జర్మన్ మాట, వంటలు ఆ తోడు. కాన్సస్ నేల పాలు. అయితే పాలు మరీ వేడిగా ఉంటే తోడుకోవు కదా, మొదటి ప్రపంచ యుద్ధంలో అలాగే అయింది, జర్మన్ మాట్లాడితే చాలు అనుమానంగా చూసేవాళ్ళు, మెల్లగా చర్చిలోకి ఇంగ్లీష్ వచ్చేసింది. మాట పోయినా యుద్ధం వద్దనే నమ్మకం, వంటలు నిలిచాయి. నాకు మాట పోవడం మాత్రం బాధే, అందుకే మీకు తెలుగులో రాస్తున్నా.

ఆ రష్యా మెన్నోనైట్లలోంచే అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో ఇండియా వచ్చి మన నల్లగొండలోనే మిషన్ పెట్టారు తెలుసా! ఎక్కడి ఉక్రెయిన్, ఎక్కడి మన ఊరు.

వాళ్ళు తెచ్చిన ఆ టర్కీ రెడ్ లాంటి గోధుమని చలికాలం ముందే చల్లుతారు, మొలకెత్తి మంచు కింద పడుకుని జూన్‌లో కోతకొస్తుంది. అంత చలికి ఎందుకు చావదో నేను సరిగ్గా చెప్పలేను. జనవరిలో మీ నాన్నని అడిగి ఒక చేను దగ్గర ఆగండి, చేత్తో కొంచెం మంచు పక్కకి తీసి చూడండి. పచ్చగా కనిపిస్తే ఫోటో పంపండి.

మీ తాత