గెస్ట్ కండక్టర్ మళ్లీ వస్తున్నారంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను ఆర్కెస్ట్రాలో సెకండ్ వయొలిన్ వాయిస్తాను. ఇదివరకు మాతో చేసిన గెస్ట్ కండక్టర్ (బయటి నుంచి వచ్చి మా ఆర్కెస్ట్రాను నడిపించేవారు) మళ్లీ వస్తున్నారనీ, ఈసారి ఇద్దరు సోలోయిస్టులు (ఆర్కెస్ట్రాతో కలిసి ప్రధాన వాద్యం వాయించేవారు) కూడా ఉన్నారనీ చెబితే, తెలిసినవాళ్లు అనే మాటలు దాదాపు ఇవే.

అపోహ: పాత పరిచయమే కదా, రిహార్సల్ పెద్దగా అక్కర్లేదు.

వాస్తవం: రిహార్సల్స్ తగ్గవు. మామూలుగానే అవి మూడో నాలుగో ఉంటాయి. తగ్గేవి మాటలు. కొత్తవారు వస్తే మొదటి రోజు సగం వాళ్ల చేతుల భాష పట్టుకోవడానికే సరిపోతుంది. ఎడమ చెయ్యి కొంచెం లేచిందంటే శబ్దం పెంచమనా, ఆగమనా? తెలిసినవారితో ఆ టైం మిగులుతుంది. మిగిలినదంతా సోలోయిస్టులకు కావాలి.

స్వరకర్త బ్రామ్స్ 1887లో రాసిన డబుల్ కన్చెర్టోనే తీసుకోండి. అందులో సోలోయిస్టులు ఇద్దరు: ఒకరిది వయొలిన్, ఇంకొకరిది దానికన్నా పెద్దదైన చెల్లో. ఆర్కెస్ట్రా అలా మొదలుపెట్టగానే ఆపేస్తుంది, చెల్లో ఒక్కటే మాట్లాడినట్టు వాయిస్తుంది. అది ముగిసే చోట మళ్లీ మేం అందుకోవాలి. ఒక్కో చెల్లిస్టు అక్కడ ఒక్కోలా ఊపిరి తీసుకుంటారు. కండక్టర్ ఆ చెల్లో బో (కమాను) కదిలే తీరునే చూస్తుంటారు, మేం కండక్టర్‌ను చూస్తుంటాం. స్వరాల కాగితం మీద పోయినసారి రాసుకున్న పెన్సిల్ గుర్తులు సోలోయిస్టు మారితే పనికిరావు. రబ్బరు పెట్టి చెరిపేస్తాం.

అపోహ: వాయించేవాళ్లు కండక్టర్‌ని చూడనే చూడరు.

వాస్తవం: నా స్టాండు మీది కాగితంలో అక్కడక్కడా చిన్న కళ్లద్దాల బొమ్మ ఉంటుంది. 'ఇక్కడ తలెత్తి చూడు' అని దానర్థం. చాలా ఆర్కెస్ట్రాల్లో ఇదే గుర్తు. ఎందుకంటే చెవి ఒక్కదాన్నే నమ్మలేం. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. వేదిక అటు చివర, 15 మీటర్ల దూరంలో ఉన్నవాళ్ల స్వరం నన్ను చేరేసరికి సెకనులో ఇరవయ్యో వంతుకు దగ్గరగా ఆలస్యం. విని కలుద్దామనుకుంటే వెనకబడిపోతాం. కండక్టర్ చేతిలోని బ్యాటన్ (సన్నని కర్ర) మాత్రం అందరికీ ఒకే క్షణంలో కనిపిస్తుంది.

అపోహ: సోలోయిస్టుకీ కండక్టర్‌కీ కుదరకపోతే కండక్టర్ మాటే నెగ్గుతుంది.

వాస్తవం: 1962 ఏప్రిల్ 6న న్యూయార్క్ కార్నెగీ హాల్లో కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టీన్ కచేరీకి ముందు ప్రేక్షకులతో మాట్లాడారు. బ్రామ్స్ మొదటి పియానో కన్చెర్టోను ఆనాటి సోలోయిస్టు, పియానిస్టు గ్లెన్ గూల్డ్ ఊహించిన తీరుతో తాను ఏకీభవించడం లేదని చెప్పి, ఆ తీరులోనే నడిపించారు. ఆ పని నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఇలాంటివి మామూలుగా గదిలోనే, పియానో పక్కన కూర్చుని తేల్చుకుంటారు. మా దాకా రావు.

అపోహ: ఒకే రచనలోని భాగాల మధ్య చప్పట్లు కొడితే సంగీతం తెలియనట్టే.

వాస్తవం: 1778లో పారిస్‌లో తన సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన) మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని మొజార్ట్ తండ్రికి సంతోషంగా ఉత్తరం రాశాడు. నిశ్శబ్దంగా కూర్చునే అలవాటు తర్వాత వచ్చింది. మీరు కొడితే మాలో ఎవరూ నొచ్చుకోరు. ఒక్క విషయం మాత్రం గమనించండి: కండక్టర్ చేతులు ఇంకా పైనే ఉంటే ఆగండి. చివరి స్వరం హాల్లో ఇంకా మోగుతుంటుంది, బో పైకెత్తి మేమూ దాన్నే వింటుంటాం.