ఒకే ఇన్‌హేలర్, మూడు తీర్పులు

ఆస్తమా ఉన్నవాళ్ల జేబులో కనిపించే అస్తాలిన్ ఇన్‌హేలర్ మనకు బాగా తెలిసినదే. అందులో ఉండే మందు సాల్బుటమాల్. 2017 సెప్టెంబర్ 7న, స్పెయిన్‌లో జరిగే వుయెల్టా సైకిల్ పోటీలో అందరికంటే ముందున్న క్రిస్ ఫ్రూమ్ మూత్రంలో ఈ మందే మిల్లీలీటరుకు 2,000 నానోగ్రాములు తేలింది. హద్దు 1,000. ఫ్రూమ్‌కు ఆస్తమా ఉందన్నది అందరికీ తెలిసిన విషయమే. దాదాపు పది నెలలు సాగిన ఆ కేసు 2018 జులై 2న ఏ శిక్షా లేకుండా ముగిసింది. చాలామంది సైక్లింగ్ అభిమానులకు అప్పుడు మొదట గుర్తొచ్చింది ఫ్రూమ్ కాదు, అంతకుముందు ఇదే మందుతో దొరికిన ఇద్దరు ఇటలీ రైడర్లు.

వాళ్ల సంగతికి ముందు, ఈ అంకెల హద్దులు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి.

ఫ్రాన్స్ 1965లో డోపింగ్‌ను నేరం చేసింది. మరుసటి ఏడాది టూర్ ద ఫ్రాన్స్‌లో, బోర్డో పట్టణంలో, తొలిసారి రైడర్ల మూత్రం పరీక్షకు తీసుకున్నారు. తర్వాతి రోజు రైడర్లు సైకిళ్లు దిగి, నడుస్తూ నిరసన తెలిపారు. 1967 జులై 13న మోంట్ వెంటూ కొండ మీద, మండుటెండలో, 29 ఏళ్ల బ్రిటన్ రైడర్ టామ్ సింప్సన్ కూలిపోయి చనిపోయాడు. ఒంట్లో యాంఫెటమిన్ దొరికింది. ఆ రోజుల్లో పరీక్ష లెక్క సులువు. యాంఫెటమిన్ శరీరం తనంతట తాను తయారు చేసుకునేది కాదు. కనబడిందంటే బయటి నుంచి వచ్చినట్టే.

ఈపీఓ రాకతో ఆ సులువు పోయింది. ఎర్ర రక్తకణాలను పెంచే ఈ హార్మోన్ మన కిడ్నీల్లో సహజంగానే తయారవుతుంది. ఇంజెక్షన్‌గా వచ్చినదాన్ని విడిగా గుర్తించే పరీక్ష 2000 దాకా లేదు. అందుకని సైక్లింగ్ అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ 1997లో ఒక గీత గీసింది. రక్తంలో ఎర్రకణాల వాటా 50 శాతం దాటితే 15 రోజులు పోటీకి దూరం. 1999లో ఇటలీలో జరిగే ‘జీరో దిటాలియా’ సైకిల్ పోటీని దాదాపు గెలిచేసిన మార్కో పాంతానీ 52 శాతంతో ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. కానీ చాలా టీమ్‌లకు ఆ 50 అనేది చేరుకోవాల్సిన టార్గెట్ అయిపోయింది. హోటల్ గదిలోనే రక్తం పరీక్షించుకుని, గీతకు కాస్త కింద ఆగేవాళ్లు. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వందల పరీక్షలు దాటుకుంటూ ఏడు టూర్‌లు గెలిచాడు. 2012లో ఆయన్ను పడగొట్టింది ప్రధానంగా తోటి రైడర్ల సాక్ష్యాలు.

అంతటి మోసాన్ని పట్టలేకపోయిన ల్యాబ్‌లే మరోవైపు అణువంత మందును కూడా చూడగల స్థితికి వచ్చాయి. 2010 టూర్‌లో స్పెయిన్ రైడర్ అల్బెర్టో కొంటడోర్ మూత్రంలో కనబడిన నిషేధిత మందు క్లెన్‌బుటెరాల్ మిల్లీలీటరుకు 50 పికోగ్రాములు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. మాంసం నుంచి వచ్చిందని ఆయన వాదన. క్రీడా న్యాయస్థానం దాన్ని నమ్మలేదు. రక్తం ఎక్కించుకోవడం వల్ల వచ్చిందన్న వాదననూ నమ్మలేదు. కలుషితమైన సప్లిమెంట్ నుంచి వచ్చి ఉండే అవకాశమే ఎక్కువంది. అయినా టూర్ టైటిల్ పోయింది, రెండేళ్ల నిషేధం పడింది. ఒంట్లోకి ఎలా వచ్చిందో రైడరే నిరూపించుకోవాలి, లేకపోతే బాధ్యత అతనిదే. యాంటీ డోపింగ్ నిబంధనలన్నిటికీ పునాది ఇదే.

సాల్బుటమాల్ దగ్గర ఈ భారం మరీ బరువు. ఈ మందు వాడటం తప్పు కాదు. 2017 నిబంధనల ప్రకారం 24 గంటల్లో 1,600 మైక్రోగ్రాముల దాకా పీల్చవచ్చు, అంటే మామూలు ఇన్‌హేలర్‌తో 16 పఫ్‌లు. చిక్కంతా ఎంత పీలిస్తే మూత్రంలో ఎంత తేలుతుందన్న దగ్గరే. అది మనిషిని బట్టి, రోజును బట్టి మారుతుంది. ఐదారు గంటలు ఎండలో తొక్కి నీరు తగ్గిన ఒంట్లో మూత్రం చిక్కబడుతుంది, అంకె పెరుగుతుంది.

ముందు చెప్పిన ఇద్దరు ఇటలీ రైడర్లలో మొదటివాడు అలెస్సాండ్రో పెటాకీ. అతనికి కూడా ఆస్తమానే. 2007 జీరోలో ఐదు స్టేజీలు (ఒక్కో రోజు పందేలు) గెలిచాడు. అతని అంకె 1,320. ఇటలీ సమాఖ్య తప్పు లేదని వదిలేసినా, అప్పీలుపై క్రీడా న్యాయస్థానం 2008లో అతన్ని సస్పెండ్ చేసింది. అతను మోసగాడు కాదని, పొరపాటున మోతాదు మించి పీల్చాడని అదే తీర్పులో ఉంది. రెండోవాడు దియేగో ఉలిస్సి. 2014 జీరోలో అతని అంకె దాదాపు 1,900. తొమ్మిది నెలల నిషేధం.

ఫ్రూమ్ కేసు నడుస్తుండగానే, 2018 మార్చిలో, మూత్రం చిక్కదనాన్ని బట్టి అంకెను సవరించే నిబంధన అమల్లోకి వచ్చింది. దాంతో 2,000 కాస్తా 1,429 అయింది. హద్దు 1,000 అయినా, కొలతలో తేడాలకు కాస్త వదిలి, శిక్షకు ఆధారంగా 1,200ను తీసుకుంటారు. 1,429 దానికన్నా ఎక్కువే. మామూలుగా అయితే రైడర్ ల్యాబ్‌లో అదే మోతాదు పీల్చి, అదే అంకె వస్తుందని చూపించాలి. మూడు వారాల పోటీ అలసటను, అనారోగ్యాన్ని ల్యాబ్‌లో మళ్లీ సృష్టించలేమన్న వాదనను ప్రపంచ యాంటీ డోపింగ్ సంస్థ వాడా ఒప్పుకుంది. ఆ పరీక్ష అడగలేదు.

ఫ్రూమ్‌ను శిక్షించి ఉండాల్సిందని నేను అనను. ల్యాబ్‌లో మళ్లీ సృష్టించలేమన్న అతని వాదనలో బలం ఉంది. మూత్రం చిక్కబడటం, ఒళ్లు అలసిపోవడం 2007లోనూ, 2014లోనూ ఉన్నవే కదా! అప్పుడు వాటిని లెక్కలోకి తీసుకునే దారి నిబంధనల్లో లేదు. ఆ దారి కోసం నెలల తరబడి లాయర్లతో, నిపుణులతో పోరాడే స్తోమత ఫ్రూమ్‌కు ఉంది. అతనిది అప్పట్లో అన్నిటికన్నా డబ్బున్న టీమ్. కేసు మూసేయడానికి ఆధారమైన నిపుణుల నివేదికలు పూర్తిగా బయటకు రాలేదు. పెటాకీ తీర్పు మాత్రం ఎవరైనా చదువుకోవచ్చు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. అంకెకు మినహాయింపు ఇవ్వడం న్యాయమైతే, ఎందుకు ఇచ్చారో తర్వాత దొరికే చిన్న టీమ్ రైడర్‌కూ తెలియాలి.

2022 నుంచి పీల్చే మోతాదు నిబంధనను ఇంకా బిగించారు, ఏ 8 గంటల్లోనూ 600 మైక్రోగ్రాములు దాటకూడదు. మూత్రంలో 1,000 అన్న హద్దు అలాగే ఉంది. పెటాకీ 2007లో గెలిచిన ఆ ఐదు స్టేజీలు మళ్లీ అతని పేరు మీదికి రాలేదు.