పేలుళ్ల నుంచి ఉపరితల తరంగాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: బాంబును ఎంత లోతున పూడిస్తే ఉపరితల తరంగాలు అంత తగ్గిపోతాయి.

వాస్తవం: ఏ పీరియడ్ (తరంగం ఒకసారి ఊగడానికి పట్టే సమయం) దగ్గర చూస్తున్నామో చెప్పకుండా ఈ మాట అనకూడదు. పేలుడు నుంచి బయల్దేరిన పి తరంగం (రాయిని నొక్కుతూ సాగేది) నేల పైభాగానికి తగిలి కొంత ఎస్ తరంగంగా (రాయిని అడ్డంగా ఊపేది) మారుతుంది. ఆ రెండూ కలిసి రేలీ తరంగంగా నేల వెంట సాగుతాయి. దాని కదలిక ఒక తరంగదైర్ఘ్యం లోతుకు వెళ్లేసరికి చాలావరకు అణగిపోతుంది. 20 సెకన్ల రేలీ తరంగానికి ఆ దైర్ఘ్యం సుమారు 60 కిలోమీటర్లు. అక్కడ 500 మీటర్లకూ కిలోమీటరుకూ తేడా లెక్కలోకి రాదు. ఒక సెకను దగ్గర వచ్చే, రేలీలోనే తక్కువ పీరియడ్ రకమైన ఆర్‌జీ తరంగానికైతే రెండు మూడు కిలోమీటర్లే. లోతు ప్రభావం అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

అపోహ: పేలుడు అన్ని వైపులా సమానంగా నెడుతుంది, కాబట్టి లవ్ తరంగాలు (నేలను సాగే దిశకు అడ్డంగా, పక్కలకు ఊపే ఉపరితల తరంగాలు) పుట్టవు.

వాస్తవం: చదునైన పొరల భూమి అనుకుని లెక్క వేస్తే పుట్టవు. కానీ అసలు రాయిలో ముందునుంచే ఒత్తిడి బిగుసుకుని ఉంటుంది. పేలుడు చుట్టూ రాయి చితికిపోగానే అది విడుదలై, పక్కనే చిన్న భూకంపం వచ్చినట్టు పనిచేస్తుంది. దీన్నే టెక్టోనిక్ రిలీజ్ అంటాం. అమెరికాలోని నెవాడా గ్రానైట్‌లో 1966లో జరిపిన పైల్‌డ్రైవర్ అణు పరీక్షలోనూ, కజకిస్థాన్‌లో సోవియట్ అణు పరీక్షల స్థలమైన సెమిపలాటిన్స్క్‌లో షాగన్ నది పరీక్షల్లోనూ ఇది బలంగా కనిపించింది. కొన్ని షాగన్ పరీక్షల్లో రేలీ తరంగం తలకిందులుగా నమోదైంది. అలాంటి చోట ఉపరితల తరంగాల ఎత్తు చూసి బాంబు శక్తి లెక్కగడితే తప్పుతుంది.

లవ్ తరంగం దొరికిందని ప్రకటించే ముందు సెన్సర్ దిశ సరిచూడండి. ఉత్తర దిశ 10 డిగ్రీలు తప్పితే రేడియల్ కదలికలో (తరంగం సాగే దిశలోది) 17 శాతం, దానికి అడ్డంగా ఉండే ట్రాన్స్‌వర్స్‌లోకి జారుతుంది. ఆ దొంగ సిగ్నల్ రేలీతోపాటే వస్తుంది, ఆకారమూ రేడియల్ నకలే. నిజమైన లవ్ తరంగం సాధారణంగా కాస్త ముందే చేరుతుంది.

అపోహ: బాడీ వేవ్ మాగ్నిట్యూడ్ (భూమి లోపల సాగే తరంగాల నుంచి లెక్కగట్టేది) కంటే ఉపరితల తరంగాల నుంచి లెక్కగట్టే సర్ఫేస్ వేవ్ మాగ్నిట్యూడ్ బాగా తక్కువైతేనే అది పేలుడు.

వాస్తవం: మంచి గీటురాయే, అయినా ఒక్కదాన్నే నమ్మకూడదు. ఉత్తర కొరియా 2006, 2009 పరీక్షల్లో సర్ఫేస్ వేవ్ మాగ్నిట్యూడ్ అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చింది.

అపోహ: నేల మీద పేలితే భూమి ఎక్కువ అదురుతుంది.

వాస్తవం: శక్తిలో ఎక్కువ భాగం గాలిలోకే పోతుంది. 2020 ఆగస్టు 4న బీరూట్‌లో సుమారు 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలితే అమెరికా భూవిజ్ఞాన సంస్థ యూఎస్‌జీఎస్ ఇచ్చిన మాగ్నిట్యూడ్ 3.3. ఒక కిలోటన్ను లోపేనని అంచనా వేసిన 2006 ఉత్తర కొరియా భూగర్భ పరీక్షకు 4.3. రెండు స్కేళ్లూ వేరే అయినా ఇంత తేడాకు ప్రధాన కారణం గాలిలోకి పోయిన శక్తే. అయితే మెత్తటి నేలలో రేలీ వేగం సెకనుకు 340 మీటర్ల దగ్గర ఉంటే, పైన సాగే గాలి అల నేలను వెంటబడి ఊపుతూ పోతుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో పొడవాటి తరంగాల వరుస నమోదైతే ముందు దీన్నే అనుమానించాలి.